‘ఏమోనండి’ అన్నాను

రత్నం పోయిందన్న కబురు నాకు మొదట తెచ్చింది సుజాత. నందిగామ నుంచి వచ్చి, చెప్పులు విడవకుండా గుమ్మంలో నిలబడే చెప్పింది. నేను ఏడ్చాను. పైన ఉండే ఇంటిగలవాళ్ళు నన్ను ఓదార్చారు. ఆ ఓదార్పు ఇన్నేళ్ళుగా గొంతులో ముల్లులా ఉండిపోయింది. అది నాకు దక్కవలసింది కాదు. ఎందుకు కాదో ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

జగ్గయ్యపేటలో మేం ముగ్గురం ఒక ఇంటి కింది వాటాలో ఉండేవాళ్ళం. నేను జాకెట్లు కుడతాను. సుజాతది బట్టల కొట్లో పని. రత్నం గరికపాడు దగ్గర ఒక ధాబాలో అంట్లు తోమేది. మొగదిక్కు లేని ఆడవాళ్ళకి ఇల్లిచ్చేవాళ్ళే తక్కువ. ఎవరికి వాళ్ళు విడిగా అద్దె కట్టుకోవడం మా తరం కాదు. పైన ఉండే ఇంటావిడ మమ్మల్ని నమ్మింది. నేనంటే ఆవిడకి మరీ గురి, పొద్దున్నే దీపం పెట్టేదాన్నని. ఆ నీడ దొరికినందుకు రోజూ పడుకోబోయే ముందు దేవుడికి దండం పెట్టుకునేదాన్ని.

ఆ ఇంట్లో ఒక నియమం ఉండేది. అది ఇంటావిడది కాదు, నాది. మేం పడుకునే గదిలోనే నా దేవుడి గూడు. అందుకని ముట్టయినవాళ్ళు మూడు రోజులూ వరండాలో పడుకోవాలి. నేనూ పడుకునేదాన్ని. సుజాత సణిగేది. రత్నం నవ్వేది. “అద్దె కట్టేది మనం, గది మాత్రం నీ దేవుడిది. భలే బేరంలే ఒదినా!” అనేది. చుట్టరికం ఏమీ లేకపోయినా నన్ను అలాగే పిలిచేది. కొన్నాళ్ళకి ఆమెకి ముట్లు ఆగిపోయాయి. చాప తెచ్చి సరిగ్గా ఆ గూటి కిందే పరిచి, “ఇంక నన్నెవరు లేపుతారో చూస్తా” అంది.

ఆ తర్వాత ఏళ్ళు గడిచాక, దండెం మీద రత్నం చీర మాటున ఆరేసిన మరకల గుడ్డ నా కంటపడింది.

“మళ్ళీ మొదలైందా?” అన్నాను.

“ఆగట్లేదొదినా. వానలప్పట్నుంచీ ఇంతే.”

“మరి చెప్పవేం? గదిలోనే పడుకుంటున్నావు!”

“మూడ్రోజులైతే బయట పడుకుంటా. ఇదెన్నాళ్ళో నాకే తెలీదు. ఈ చలికి నావల్ల కాదు. నీ దేవుడికి నువ్వే సర్ది చెప్పు, నీ మాటైతే వింటాడు.”

ఆ వయసులో, ఆగింది మళ్ళీ రావడం మంచిది కాదని ఏ ఆడదానికి తెలీదు? ఆసుపత్రికి పద అనాలి. అనలేదు. మర్నాడు పైకెళ్ళి ఇంటావిడతో, రత్నానికి ఏదో జబ్బు చేసిందని, రక్తం పోతోందని, బకెట్లూ బాత్రూమూ అందరం కలిపే వాడుకుంటున్నామని చెప్పాను. ఒక్క అబద్ధమూ లేదు. ఆవిడ భయపడింది.

“అంటుకునేదా అమ్మా?”

“ఏమోనండి” అన్నాను.

అంటుకునేది కాదని నాకు తెలుసు. ఆ ఒక్క మాటతో రత్నానికి ఇల్లు లేకుండా పోయింది.

ఎందుకన్నాను? మడి కోసమని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. కాదు. సుజాత అప్పటికే నందిగామకి మారే ప్రయత్నంలో ఉంది. రత్నం మంచాన పడితే, ఆమెకి అయినవాళ్ళెవరూ లేరు కాబట్టి, ఆ గుడ్డలు ఉతకడం, అన్నం పెట్టడం, ఆసుపత్రుల చుట్టూ తిరగడం అంతా నా మెడకే చుట్టుకుంటుందని, కుట్టు ఆగిపోతే నన్నెవరు చూస్తారని భయపడ్డాను. దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నాను. ఆమె వెళ్ళిన సాయంత్రం గది కడిగి, చల్లగా గడిచిపోయిందని ఆయనకి దండం కూడా పెట్టాను. ఏ చేతులతో పెట్టాను?

ఇంటావిడే కనిపెట్టిందనుకుంది రత్నం. “నువ్వు దిగులు పడకొదినా, ఎక్కడో చోట ఉంటాలే” అని నన్నే ఊరడించింది. ధాబా వెనక రేకుల షెడ్డులో ఉంటోందని తర్వాత విన్నాను. గరికపాడు ఎంత దూరం? వెళ్ళలేదు.

కబురుతో పాటు, రత్నం పనిచేసే ధాబా ఆయన తనకి చెప్పిన ఇంకో సంగతి కూడా సుజాత చెప్పింది. ఆపరేషన్ చెయ్యాలి, కూడా ఒక మనిషి ఉండాలి అన్నారట ఆసుపత్రిలో. ఎవరున్నారంటే, “జగ్గయ్యపేటలో మా ఒదినుంది” అందట రత్నం. ధాబా ఆయన నాకు ఫోన్ చేస్తానంటే మాత్రం చెయ్యనివ్వలేదట. “ఒద్దులే, ఆమె పూజలు పాడవుతాయి” అని షెడ్డుకి వచ్చేసిందట.

నేనింకా ఆ ఇంట్లోనే ఉన్నాను. ఇంటావిడకి ఇప్పటికీ నా మీద గురే. క్షమించమని అడగడానికి ఇది రాయడం లేదు. అడగవలసిన మనిషి లేదు. నేను బడి ముఖం చూడలేదు, మా నాన్న ఇంట్లో పలక మీద దిద్దించిన చదువే నాది. ఆ చదువుతో, ఆ మాట అన్నది నేనేనని ఇవాళ రాశాను. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. అంతవరకే.

నా పేరు మీకు అక్కర్లేదు. ఆమె పేరు నాగరత్నం. వత్సవాయి ఊరి మనిషి. చారులో ఇంగువ గుప్పేసేది. అందరికంటే ముందు లేచి మా ముగ్గురికీ నీళ్ళు పట్టేది. ఆమెను గుర్తుపెట్టుకోండి.