ఎడమ ముందు చక్రం సంగతి

ఈ సంగతి మా ఇంట్లో ఇప్పటికి నాలుగుసార్లు ఎత్తాను. మొదటిసారి టీవీ సౌండు పెంచారు. రెండోసారి అన్నం వడ్డించారు. మూడోసారి మా అత్తగారు పడుకుంటానని లేచి వెళ్లారు. అప్పుడు పొద్దున పదకొండు గంటలు. నాలుగోసారి నా తోడల్లుడు ఫోను చెవి దగ్గర పెట్టుకుని బయటికి నడిచాడు. ఆ ఫోను మోగలేదు. నా చెవులు సరిగా పనిచేయవు కాబట్టి కనిపెట్టలేనని అతని ధైర్యం. అందుకే రాస్తున్నాను. రాసినదాని మీద ఎవరూ టీవీ సౌండు పెంచలేరు.

చెవుల సంగతి నేనే ఒప్పుకుంటాను. సూరత్‌లో ఇరవై రెండేళ్లుగా మరమగ్గాలు బాగుచేసే మిస్త్రీని. ఒక షెడ్డులో మగ్గాలన్నీ ఒకేసారి ఆడుతుంటే పక్కమనిషి మాట వినపడదు. పెదాలు చూసి మాట పోల్చుకోవాలి. మగ్గం చెడితే మేం చెవితో పట్టం, చేత్తో పడతాం. ఇరుసు పక్కన అరచేయి ఆనిస్తే ఏ బేరింగు బాగుందో, ఏది అరిగిందో తెలిసిపోతుంది. నా చేయి చెప్పినదాన్ని సేఠ్ కూడా ఏనాడూ కాదనలేదు. కాదన్నది మావాళ్లే.

తోడల్లుడంటే నా భార్య చెల్లెలి భర్త. సూరత్‌లోనే భేస్తాన్‌లో మా గల్లీలోనే ఉంటాడు, చీరల దలాలీ చేస్తాడు. అత్తగారు వాళ్ల దగ్గరే ఉంటారు. పోయిన ఏడాది ఒక పాత కారు కొన్నాడు. కొన్న వారానికే అందరం అందులో దగ్గర్లోని సచిన్ అనే ఊరికి ఒక పెళ్లికి వెళ్లాం. పెద్దల్లుణ్ని కాబట్టి నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టాడు. ఆ ఒక్క మర్యాద జరిగిందని ఇక్కడ రాసుకుంటున్నాను. స్పీడు అరవై దాటగానే నా అరికాళ్ల కింద సన్నటి వణుకు మొదలైంది. దారి కుడికి తిరిగినప్పుడల్లా పెరిగింది, ఎడమకు తిరిగినప్పుడు తగ్గింది. కారు కుడికి తిరిగితే బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. ఇంకేం కావాలి?

"తమ్మీ, ఎడమ దిక్కు ముంగటి చక్రం బేరింగ్ పోయింది. జర సూపియ్," అన్నాను.

అతను వెనకవాళ్లకు వినపడేలా, "ఇన్నరా? హారన్ కొడితె ఇనవడదు గని, అన్నకు బేరింగ్ ఇనవడ్డదట!" అన్నాడు. కారంతా నవ్వింది.

"ఇనవడలే. కాళ్లకు తెలుస్తాంది."

"గట్లనా! అయితె చెప్పులిప్పి కూసో అన్నా, ఇంజన్ ముచ్చట గూడ చెప్తవు."

అత్తగారు నాతో నేరుగా మాట్లాడరు, మా దగ్గర అది పద్ధతి. అందుకని నా వెనకే కూర్చుని నా భార్యతో అన్నారు: "బిడ్డా, పెద్దల్లున్ని జర చెవుల డాక్టర్ కాడికి తోల్కపో."

ఆ పెళ్లిలో ఏం వడ్డించారో నాకు గుర్తులేదు. ఈ మాట మాత్రం ఒక్క అక్షరం పోలేదు.

తర్వాత అతను ఎవరికో కారు చూపించాడు. వాడు టైర్లు అరిగాయన్నాడు. నాలుగు టైర్లూ కొత్తవి వేయించాడు. వణుకు అలాగే ఉంది. నేను మళ్లీ చెబితే, "కొత్త టైర్లు గద అన్నా, జర అరుగాలె," అన్నాడు. అరిగినప్పుడూ టైర్లే, అరగనప్పుడూ టైర్లే!

ఎండాకాలంలో అత్తగారికి ఊరు చూపించి తీసుకురావడానికి పిల్లలతో సహా ఆ కారులోనే బయలుదేరాలని అనుకున్నారు. సూరత్ నుంచి కరీంనగర్ వైపు అంటే ఒక పగలూ ఒక రాత్రీ రోడ్డు మీదే. దారిలో ఆ బేరింగు బిగుసుకుపోతే చక్రం ఏమవుతుందో నాకు తెలుసు. ఆ కారు ఇలాగే కదిలితే చక్రం ముందు పడుకుంటానని చెప్పాను.

"పండుకో అన్నా. ఎడమ చక్రం ముంగటనే పండుకో, యాది మర్వకు," అన్నాడు.

మగ్గాలకు సెలవు వచ్చిన రోజు జాకీ తీసుకుని వాళ్ల ఇంటి ముందుకు వెళ్లాను. చక్రం పైకి లేపి, దాని వెనకున్న స్ప్రింగు మీద అతన్ని చేయి పెట్టమన్నాను, బేరింగు అరుగుదల అక్కడ తెలుస్తుంది. నేను చక్రం తిప్పాను. అతను వేడి పెనాన్ని తాకినట్టు రెండు వేళ్లు ఆనించి తీసేశాడు. "ఏం తెల్వది," అన్నాడు. నా భార్య వచ్చి నిండు అరచేయి పెట్టింది. "ఓయమ్మా, ఇసుర్రాయి తిప్పినట్టే ఉన్నది!" అంది.

"వదినె నీ దిక్కే చెప్తది గద!" అన్నాడు అతను.

కానీ ఇసుర్రాయి అన్న మాట అత్తగారి చెవిన పడింది. "మారుస్తె మార్వనియ్యుండ్రి. రోజు గీ లొల్లి ఒడుస్తది," అన్నారు. నాకు అనుమతి దొరికింది అలా. నమ్మకంతో కాదు, విసుగుతో.

చక్రాన్ని మళ్లీ నేలకు దించి, ఇరుసు నట్టుకు పానా తగిలించి, దానికి పొడుగు పైపు తొడిగి, పైపు మీద నిలబడి వదులు చేశాను. మళ్లీ పైకి లేపి చక్రం తీశాక, బ్రేకు గొట్టం మీద బరువు పడకుండా బ్రేకును తీగతో పైకి కట్టాను. బేరింగు కూర్చునే ఇనుప దిమ్మను ఊడదీసి, గోనెసంచిలో వేసుకుని, షేర్ ఆటోలో లింబాయత్ వెళ్లి కొత్త బేరింగు కొన్నాను. అక్కడ ఒక వర్క్‌షాపులో బేరింగులు నొక్కి దింపే ప్రెస్సు మిషను ఉంది. దాని యజమాని, "ఛోడో చాచా, మై కర్ దూంగా," అన్నాడు. పని అతనికి వదల్లేదు, పాతది నేనే నొక్కి తీశాను.

తప్పు అక్కడ చేశాను. మగ్గంలో బేరింగును ఇరుసు మీదికి ఎక్కిస్తాం, కాబట్టి లోపలి రింగు మీద నొక్కుతాం. కారులో బేరింగు దిమ్మ లోపలికి దిగాలి, నొక్కాల్సింది బయటి రింగు మీద. ఇరవై రెండేళ్ల అలవాటు, పైపు ముక్క లోపలి రింగు మీదే పెట్టాను. బేరింగు దిగింది. వేలు పెట్టి తిప్పాను. కొత్త బేరింగు వేలి కింద సన్నగా గరగరలాడింది. ప్రెస్సు యజమాని కూడా తిప్పి, "మస్త్ హై," అన్నాడు. నేను నోరు మూసుకుని ఉంటే ఈ లోకంలో ఎవరికీ తెలిసేది కాదు. దాన్ని తీసేశాను, నా డబ్బుతో ఇంకోటి తెచ్చాను, బయటి రింగు మీద నొక్కి దింపాను. ఇంటికి వచ్చి, పాడైనదాన్ని చూపించి, జరిగింది జరిగినట్టు నేనే చెప్పాను.

చెప్పడమే నా నేరం. సాయంత్రం కారు నడిపి చూశాం. నా అరికాళ్ల కింద వణుకు లేదు. నేను అతని ముఖం వైపు చూస్తూ కూర్చున్నాను. అతను అన్నాడు: "సూశినవా అన్నా, టైర్లు ఇప్పుడు సెట్ అయినయ్."

ఊరికి వెళ్లి క్షేమంగా తిరిగి వచ్చారు. "ఏం గాలె గద, ఉత్తగ పరేషాన్ జేసినవ్," అన్నాడు. ఏమీ కాకపోవడం కోసమే కదా నేను దాన్ని మార్చింది!

నేను పాడుచేసిన బేరింగు ఇప్పుడు వాళ్ల షోకేసులో, పెళ్లి ఫొటో పక్కన ఉంది. ఇంటికి ఎవరు వచ్చినా తీసి చేతికిస్తాడు: "మా అన్న రిపేర్ జేసిండు, సూడుండ్రి." అందరూ నవ్వుతారు. అత్తగారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతారు.

ఇంకో బేరింగు ఉంది. కారులోంచి తీసిన పాతది. దాన్ని నూనె గుడ్డలో చుట్టి మా ఇంట్లో దాచాను. తమ్మీ, నీ షోకేసులోది తీసుకుని మా ఇంటికి రా. అత్తగారిని కూడా తీసుకురా. రెండూ పక్కపక్కన పెడదాం. ముందు నేను పాడుచేసింది తిప్పు, తర్వాత నీ కారులోంచి తీసింది తిప్పు. రెండు వేళ్లతో కాదు, నిండు చేత్తో. తిప్పి, అందరి ముందూ ఒక్క మాట చెప్పు: ఎడమ ముందు చక్రం బేరింగు పోయిందా, లేదా?