సంయోజకత

సింగపూర్‌లో, బెడోక్ స్టేషన్‌లో నేను రైలెక్కాక, స్కూల్ యూనిఫాంలో ఉన్న ఒక అమ్మాయి నా పక్కన కూర్చుంది. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, తడబడే తెలుగులో కెమిస్ట్రీ పాఠం రికార్డు చేస్తోంది. ఒకచోట ఆగి నావైపు తిరిగింది.

"అంకుల్, మీరు తెలుగేనా? వేలెన్సీని తెలుగులో ఏమంటారు?"

"సంయోజకత," అన్నాను. తెలుగు మీడియంలో చదివినవాణ్ణి. ఆ మాట పలికి ఇరవై ఏళ్లు దాటింది.

ఎవరికోసం ఈ పాఠమని అడిగాను.

"శ్రీకాకుళంలో మా అక్కకి. పెద్దమ్మ కూతురు. టెన్త్‌లో సైన్స్ పోయింది, మళ్లీ రాస్తోంది. తను నర్స్ అవుతుంది, నేను డాక్టర్. ఒకే హాస్పిటల్‌లో పనిచేస్తామని ప్రామిస్ చేసుకున్నాం."

"నీకూ పరీక్షలుంటాయిగా అమ్మా?"

"ఉన్నాయి లా," అంది సింగపూర్ యాసలో. "కానీ తెలుగులో చెప్పగలిగితేనే నాకూ అర్థమైనట్టు."

ఆ వయసులో నా మార్కులు తప్ప నాకింకేమీ పట్టలేదు.

ఫోన్ నా ముందుకు చాపింది. "మీరే చెప్పండి అంకుల్. నేను చెప్తే అక్క నవ్వుతుంది."

ఎన్నడూ చూడని ఆ శ్రీకాకుళం పిల్లకు, గొంతు సవరించుకుని, ఆ మాట రెండుసార్లు విడదీసి చెప్పాను. పాయా లేబర్ స్టేషన్‌లో నా పక్కనున్న అమ్మాయి దిగిపోయింది.

ఆ రోజు ఆఫీసులో మీటింగ్ జరుగుతుంటే ద్రావణం, ఉత్ప్రేరకం, క్షయకరణం ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఇంగ్లీష్ మీడియం కాలేజీలో నలుగురూ నవ్వుతారని నేను దాచేసుకున్న మాటలవి.