సగం బాబాయ్

మా బాబాయ్ దేన్నీ సగానికి మించి నింపడు. బిందె, సంచీ, పెట్టె, ఏదైనా సరే. కొత్త బీరువా కొని పై అరలు రెండూ ఖాళీగా వదిలేశాడు.

"అవెవరికి?" అంది పిన్ని.

"ఉండనీ. గాలాడుతుంది."

ఆ పూట పిన్ని వంట చెయ్యలేదు. సగం కూడా.

మందుబిళ్ళల కర్మాగారంలో ఆయనా నేనూ ఒకే గదిలో పనిచేసేవాళ్ళం. తడి పొడిని ఆరబెట్టడం మా పని. పెద్ద గంగాళం, అడుగున జల్లెడ, పక్కన లోపలికి చూడ్డానికి అద్దం, పైన పొడి బయటికి పోకుండా వడపోత సంచులు. కింది నుంచి గాలి వదులుతాం. మొదట ఏమీ జరగదు. గాలి పలుకుల సందుల్లోంచి దొంగలా జారుకుంటుంది. ఇంకాస్త పెంచితే పలుకులు ఒకదాన్నొకటి వదులుతాయి. పొడి ఉబ్బుతుంది, మరిగే పాలలా పైకి లేస్తుంది. సగం పోసింది అంచుదాకా వస్తుంది. అందుకే సగమే పొయ్యాలి. ఈ నియమం గంగాళానిది. బాబాయ్ దాన్ని ఇంటికి తీసుకెళ్ళాడు.

"టీ కూడా సగమేనా బాబాయ్? గ్లాసు కింద గాలి లేదుగా."

"ఇప్పటికి లేదు," అన్నాడు.

ఒక ఉదయం మేం వెళ్ళేసరికి గది తెల్లగా ఉంది. గోడలు, పంకా, గడియారం, అన్నీ. మధ్యలో ఒక తెల్లటి మనిషి నిలబడి ఉంది. కళ్ళు మాత్రం నల్లగా కనిపిస్తున్నాయి. కొత్తగా చేరినామె. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

"ఒక్క వాయిలో అయిపోతుందని నిండా పోసేశాను బాబాయ్‌గారూ. ఎంతకీ కదల్లేదు. గాలి పెంచాను. మొత్తం ఒకే ముద్దగా లేచి, పైనున్న వడపోత సంచుల్ని చింపేసింది. ఇంట్లో పాపను చూసుకునేవాళ్ళు లేరు. తొందరగా వెళ్దామని..."

అంతలో మేనేజరు వచ్చాడు. గడప దగ్గరే ఆగిపోయాడు.

"ఎవరు పోశారు? వాళ్ళు రేపట్నుంచి రానక్కర్లేదు."

"నేనే," అన్నాడు బాబాయ్.

మేనేజరు ఆయన వైపు తిరిగాడు.

"మీరా? మీ గ్లాసు నిండగా చూసినవాళ్ళు ఉన్నారా ఇక్కడ?"

బాబాయ్ నిదానంగా ఫ్లాస్కు తీశాడు. గ్లాసులో టీ పోశాడు. సగానికి వచ్చింది. సగం దాటింది. అంచు దాటింది. బల్ల మీద పారి, మేనేజరు బూట్ల మీదికి కారింది.

"ఈమధ్య ఇంతేనండీ. చెయ్యి ఆగడం లేదు."

మేనేజరు బూట్లు చూసుకున్నాడు. అతని చూపు బాబాయ్ చొక్కా మీదికి వెళ్ళింది. దాని మీద పొడి రవ్వంతైనా లేదు. తర్వాత ఆ తెల్లటి మనిషిని చూశాడు.

"ఏమ్మా, ఇకమీదట ఈయన పోసేటప్పుడు పక్కనే నిలబడు. సగం దాటనివ్వకు," అని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఆమె పనికొచ్చిన వేళల్లో పాప పిన్ని దగ్గరే ఉంటోంది. మొన్న వాళ్ళింటికి వెళ్తే బీరువా తలుపు తీసి ఉంది. పై అరలో పాలసీసా, చిన్న గౌన్లు, చెక్క గుర్రం. దాని కింది అర ఇంకా ఖాళీ.

"ఇదెందుకు బాబాయ్, ఇంకా గాలికేనా?"

ఆయన పాపను ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"పెరుగుతుందిరా," అన్నాడు.