సాయిలు వేసిన ముడి

దయ్యాలను నేను నమ్మను. మా తాతగారు దొరగా ఉన్న రోజుల్లో కూడా గడీలో వాటి ముచ్చట ఎత్తనిచ్చేవారు కాదు. అందుకే జరిగింది జరిగినట్టు మాత్రమే రాస్తున్నాను.

ఎనభైల చివర్లో హనుమకొండలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. గడీ నుంచి మిగిలింది తాతగారి కుర్చీ ఒక్కటే. దాని ముందు బల్ల మీద, టీవీకీ టేప్‌రికార్డర్‌కీ తగిలించిన చిన్న కంప్యూటర్. రాసిన ప్రోగ్రాంను క్యాసెట్‌లోకి ఎక్కించుకోకపోతే కరెంటు పోగానే అంతా చెరిగిపోయేది.

ఒక కాలేజీ ప్రిన్సిపాల్ నాకు పరీక్ష పెట్టారు. ఆరువందల మంది విద్యార్థుల పేర్లు సోమవారం ఆయన కళ్లముందు గంటలోపు అక్షరక్రమంలోకి రావాలి. వస్తే ఉద్యోగం నాది. నా ప్రోగ్రాం ప్రతి పేరునూ మిగతా అన్నిటితో పోల్చుకుంటూ మూడు గంటలు తీసుకునేది. తెలిసినవాళ్లను అడగమంది మా ఆవిడ. ఇంకొకరి గడప తొక్కి అడగడం మా ఇంటా వంటా లేదన్నాను.

ఆదివారం మధ్యాహ్నం మెషీన్ ఆపకుండానే జంపఖానా మీద ఒరిగాను. తెల్లటి ఎండ గదిలోకి పాలలా పారుతున్నట్టు ఉంది. ఆ వెలుగులో సాయిలు కనిపించాడు.

సాయిలు గడీలో మా కచేరీలో భూముల కాగితాలు సర్దేవాడు. పోయి అప్పటికి ఇరవై ఏళ్లు. బతికున్నప్పటిలాగే కాగితాలను ముందు ఊరివారీగా కుప్పలు పోశాడు. తర్వాత ఏ కుప్పకాకుప్ప సర్ది గుడ్డపేలికతో కట్టాడు. అతనిది ఎడమచేతి వాటం. అతని ముడి తిరగబడి పడేది, ఇంకెవరికీ వచ్చేది కాదు. ఎన్నడూ మా ముందు కూర్చోనివాడు, అప్పుడు మాత్రం తాతగారి కుర్చీలో కూర్చున్నాడు.

చెమటకు మెలకువ వచ్చింది. ఫ్యాన్ ఆగిపోయి ఉంది. టీవీ నల్లగా ఉంది. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి చుట్టూ చూసింది.

"ఎవరొచ్చిండ్రు? ఇందాకటి సంది కూసోండ్రి, కూసోండ్రి అంటున్నరు. చాయ్ పెట్టాల్నా?"

బల్ల మీద క్యాసెట్ ఉంది. దాని చుట్టూ గుడ్డపేలిక, తిరగబడ్డ ముడి.

సోమవారం ఆ క్యాసెట్టే ఎక్కించాను. అందులో ఉన్నది నా పాత ప్రోగ్రాం కాదు; అది పేర్లను మొదటి అక్షరాన్నిబట్టి కుప్పలు చేసి, తర్వాత ఒక్కో కుప్పను సర్దుకుంది. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. ఈ పద్ధతి ఎవరి దగ్గర నేర్చుకున్నారని ప్రిన్సిపాల్ అడిగారు.

"సాయిలుగారని మా కచేరీలో ఉండేవారు."

ఉద్యోగం వచ్చింది. నిద్రమత్తులో నేనే లేచి, కరెంటు పోకముందే అదంతా రాసి క్యాసెట్‌లోకి ఎక్కించి ఉంటానని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. ఆ ముడి వేయడానికి ఇప్పటికీ ప్రయత్నిస్తూనే ఉన్నాను, రాదు. మా ఇంట్లో ఎవరమూ సాయిలుతో ఒక్కసారి కూడా అనని మాట ఆ మధ్యాహ్నం నా నోట ఎలా వచ్చిందో అంతకన్నా తెలియదు.

ఆ రోజు నుంచి నేను స్టూలు మీదే కూర్చుని పని చేస్తున్నాను. కుర్చీ ఖాళీగా ఉంటుంది.