వికెట్ కీపరుకు రిలీజు కాగితం

నా చిన్నప్పుడు నేనెంత భయంకరమైన ఫాస్ట్ బౌలర్‌నో ఈ భూమ్మీద నాకొక్కడికే తెలుసు. అప్పుడు నాకు పదకొండేళ్లు. కువైట్‌లోని ఫహాహీల్‌లో మేముండే బిల్డింగు జట్టులో నన్ను వికెట్ కీపరుగా పాతేశారు. పాతేశారనే అనాలి. కెప్టెన్ మా పక్కింటి అన్న. ఎప్పుడు బంతి అడిగినా "నువ్వు వెనకాలే ఉండరా, కదలొద్దు" అనేవాడు. నా ఒళ్లు చూసి గోడకు బదులు నిలబెట్టాడని నాకు గట్టి అనుమానం. ఆ రోజుల్లో నా వెడల్పు అలాంటిది. నేను లిఫ్టెక్కితే మిగతావాళ్లు మర్యాదగా మెట్లెక్కేవారు.

అది ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన ఆగస్టు నెల. నాన్నలకు ఆఫీసుల్లేవు. రొట్టెల దుకాణం ముందు క్యూ ఎంత పొడవుండేదంటే, తోకలో నిలబడ్డ కుర్రాడు ముందుకొచ్చేసరికి గడ్డం పెరిగిపోయేది. ఆడుకోవడానికి మాకున్న చోటల్లా బిల్డింగు కింద కార్లు నిలిపే స్థలం. దానికి మూడు వైపులా గోడలు. నాలుగో వైపు, అంటే నా వీపు వెనకాల, రోడ్డు. రోడ్డవతల ఇసుక బస్తాలు పేర్చుకుని సైనికుల కాపలా.

సరిగ్గా అప్పుడే ఎదురు బిల్డింగు జట్టు నుంచి నాకు కబురొచ్చింది. మా జట్టులోకి వచ్చేయి, మొదటి ఓవర్ నీదే అన్నారు. వాళ్లది చుట్టూ గోడలున్న పెరడు, కీపరుతో పనే లేదు. నేను ఆలోచించడానికి రెప్పపాటు కూడా తీసుకోలేదు.

ఈ సంగతి పసిగట్టింది మా కింది ఫ్లాటు రాయచోటి చాచా. ఆయన ఒక కంపెనీలో ఇఖామా, అంటే నివాస అనుమతి కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే ఉద్యోగి. ఆఫీసులన్నీ మూతపడ్డాక, కాగితం మీద ముద్ర పడక ఆయనకు తిండి సయించేది కాదు. చాచీ చేసిన చపాతీల మీద కూడా ముద్ర కొట్టబోయాడని బిల్డింగంతా చెప్పుకునేది.

"టీము మారుతుండావంటనే. మారు, నాకేం. అయితే రిలీజు యాడ?" అన్నాడు.

రిలీజెందుకన్నాను.

"ఈ దేశంలో కఫీల్‌ను, అదే పనికి పెట్టుకున్న సేటును, మారల్లంటే పాత కఫీల్ రిలీజు ఇయ్యల్ల గదా. నీ బౌలింగు అంతకంటే పెద్దదేం గాదు. మీ టీములో అందరి దస్కత్తులు తీసకరా. చిన్నపిల్లోల్ల బదులు వాళ్లమ్మలు పెట్టల్ల. అన్నీ పడినాక నేను ముద్ర కొడతా. ఖలాస్."

అని, మూడు కార్బన్ కాపీలతో కాగితం రాసిచ్చాడు. రాస్తున్నంతసేపూ ఆయన మొహం పెళ్లిపందిరిలా వెలిగిపోయింది.

నేను ఇల్లిల్లూ ఎక్కి దిగాను. కెప్టెన్ నావైపు ఒకసారి చూసి సంతకం పెట్టేశాడు. తిట్టినా బాగుండేది. మిగతా పెద్దపిల్లలూ తమ సంతకాలు తామే పెట్టేశారు. చివరికి మూడో అంతస్తులో జగిత్యాల అత్త మిగిలింది. ఆమె కొడుకులిద్దరూ మా జట్టులో అతి చిన్నవాళ్లు, బంతి ఎటు పోతే అటు పరిగెత్తడమే వాళ్ల పని. అత్త బియ్యంలో పురుగులేరుతోంది. కాగితం రెండుసార్లు చదివి కలం వెనక్కిచ్చేసింది.

"నేను పెట్ట బిడ్డా."

ఎందుకత్తా అన్నాను.

"నువ్వు ఎనుక నిలవడ్డవనే మా పోరగాండ్లను కిందికి తోలుతున్న. బాలు రోడ్డు మీదికి పోతే ఉరికేది వాళ్లే గదా. అవతల తుపాకులు వట్టుకొని ఉన్నరు. నువ్వు పోతే మావోళ్ల ఆట బంద్. ఏ తల్లినన్న అడుగు, గిదే జెప్తది."

నాతో ఎవరూ అనలేదే అన్నాను.

"చెప్తే నీ చేతులు వణుకుతయని మీ కెప్టెనే వద్దన్నడు."

మూడంతస్తులు దిగడానికి నాకు మూడేళ్లు పట్టింది. చాచా గుమ్మంలోనే కూర్చున్నాడు.

"ఎన్ని తక్కవ?"

"ఒకటి."

"ఒకటి తక్కవైనా రిలీజు లేదు. రూలు" అంటూ ఇంకు ప్యాడు మూత పెట్టేశాడు. కాగితం వైపు చూడను కూడా లేదు. ఏ గుమ్మం దగ్గర ఆగిపోతానో ఆయనకు ముందే తెలుసని అప్పుడర్థమైంది.

ఎదురు బిల్డింగు కెప్టెన్ దగ్గరికెళ్లి నాకు రిలీజు ఇవ్వలేదని చెప్పాను. గల్ఫులో పుట్టిన పిల్లాడు కదా, నవ్వలేదు. "మా నాన్నక్కూడా రెండేళ్లుగా ఇవ్వట్లేదు" అని నా భుజం తట్టి పంపించాడు.

మర్నాడు ఆటలో మొదటిసారి తలెత్తి బాల్కనీల వైపు చూశాను. కూరలు తరిగే తల్లులు, బట్టలారేసే తల్లులు. బంతి పడ్డ ప్రతిసారీ వాళ్ల పని ఆగిపోయేది. వాళ్లు బ్యాటు వైపు చూడటం లేదు, బౌలరు వైపూ చూడటం లేదు. నా చేతుల వైపు చూస్తున్నారు. ఆ రోజు నేను దూకిన దూకుళ్లకు మోకాళ్లు, మోచేతులు, గడ్డం అన్నీ చెక్కుకుపోయాయి. ఒక్క బంతి రోడ్డెక్కలేదు.

నెల తిరక్కుండా అందరం బస్సులెక్కి తలో దిక్కు వెళ్లిపోయాం. నా బౌలింగును లోకం చూడకుండానే పోయింది, అది లోకం దురదృష్టం. తర్వాత ఉద్యోగాల్లో ఇంతకంటే మంచి చోటికి రమ్మని నాకు వందల పిలుపులొచ్చాయి, అంటే నాలుగు. ప్రతిసారీ అక్కడ నాకేం దొరుకుతుందన్నది తర్వాత చూసుకుంటాను. ముందు, నేనిక్కడ నిలబడ్డానన్న ధైర్యంతో ఎవరైనా తమ పిల్లల్ని కిందికి పంపుతున్నారేమోనని చుట్టూ చూస్తాను. ఎవరూ లేకపోతే హాయిగా వెళ్లిపోతాను. ఒక్కరున్నా సరే, మోకాళ్లు వంచుకుని అక్కడే నిలబడిపోతాను.