ఒంటెల మీద మేనమామలు

రాయ్‌పూర్ రైల్వే కాలనీలో, మా క్వార్టర్ల వరసకంతా మొదటి టీవీ నాంచారమ్మ పిన్ని ఇంటికొచ్చింది. వచ్చిందన్న మాటే గానీ దానికి గొంతు లేదు. లోపం టీవీలో కాదు, పున్నయ్య బాబాయ్ నిద్రలో ఉంది. వ్యాగన్లు బాగుచేసే షాపులో ఫిట్టరుగా ఆయన రాత్రి డ్యూటీకి వెళ్ళాలి గనక, సాయంత్రమంతా టీవీ ఉన్న గదిలోనే ముసుగుతన్ని పడుకునేవాడు. చప్పుడు వినబడిందా, టీవీ కట్టేసేవాడు.

అందుకే ఎనభై మూడులో క్రిస్మస్ సాయంత్రం వేసిన హిందీ బొమ్మలాటను పిల్లలమందరం మూగగానే చూశాం. అవి చెక్కబొమ్మలు. మూతులు కదలవు, కాబట్టి ఊహించడానికీ వీల్లేదు. పిన్నికి క్రిస్మస్ గురించి తెలిసింది కేకు ఒక్కటే. అయినా మా మధ్య కూర్చుని గుసగుసగా కథంతా చెప్పేసింది.

"కడుపుతో ఉన్న పిల్ల పురిటికి కన్నోరింటికి బయల్దేరినాది. దార్లోనే నొప్పులొచ్చేసినాయి. తలుపులు కొడతన్నారా? క్వార్టర్లు ఖాళీ నేవంటన్నారు, బద్మాషులు."

పశువులపాకలో బిడ్డ పుట్టింది. ఆ తర్వాత ఒంటెల మీద ముగ్గురు పెద్దమనుషులు, తలో పెట్టె పట్టుకుని వచ్చారు. అక్కడ పిన్ని గొంతు మారిపోయింది. "అదిగో, అన్నలు! బారసాలకి ఒచ్చేసినారు. ఒకడు బంగారం మొలతాడు తెచ్చినాడు. ఒకడు సాంబ్రాణి. ఒకడు నలుగుపిండి. ఆలీసం అయిపోనాది గానీ, ఒచ్చినారు."

"మేనమామలని నీకెలా తెలుసు పిన్నీ?" అని అడిగాను. నాకు అడగందే ముద్ద దిగదు.

"పెట్టెలు సూణ్ణేదా సుభద్రా? మేనమామలు గాక ఇంకెవులు తెస్తారే?"

మరుసటి ఏడు కూడా అదే బొమ్మలాట వేశారు. మిగతా కథను పిన్ని గబగబా లాగించేసింది గానీ, ఒంటెలు కనబడగానే నిదానించింది. ఆ అన్నలు చెల్లెల్ని ఏమని పిలిచారో, ఎలా కళ్ళు తుడిచారో పూసగుచ్చినట్టు చెప్పింది. నాకూ ప్రాణం అక్కడే ఉండేది. ఆ ఒంటెల కోసమే గదా ఏడాదంతా ఎదురుచూశాను.

బళ్ళో నా పక్కన కూర్చునే క్రైస్తవుల పిల్ల ఇది విని పడీపడీ నవ్వింది. "మేనమామలేంటి? తూర్పుదేశపు జ్ఞానులు!" పిన్ని తరఫున జుట్టూ జుట్టూ పట్టుకుని పోట్లాడాను. ఓడిపోయాను. అప్పణ్ణుంచీ నాకు రెండు సంగతులు తేలాలి. ఆ చెక్కబొమ్మలు నిజానికి ఏమన్నాయి? పిన్ని వాళ్ళను అన్నలనే ఎందుకంది?

రెండోది మా అమ్మ తేల్చింది. పిన్ని ఇష్టపడి పున్నయ్య బాబాయ్‌ని చేసుకుందని శ్రీకాకుళంలో ఆవిడ అన్నలు మాటలు మానేశారట. ఆవిడ పురుడు కన్నవారింట్లో కాదు, ఇక్కడే జరిగింది. కొడుకు దానయ్య బారసాలనాడు సాయంత్రం దాకా వీధి గుమ్మంలోనే కూర్చుందట. ఎవరూ రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

మొదటిది తేలడానికి తొంభై ఎనిమిది దాకా ఆగాల్సి వచ్చింది. కేబుల్ భీమారావు చెప్పాడు, క్రిస్మస్‌కి పాత బొమ్మలాట మళ్ళీ వేస్తున్నారని. పిన్నికి చెప్పాలా వద్దా అని ఒక పూటంతా కొట్టుమిట్టాడాను. మాటలు వినబడితే ఆవిడ అన్నలు ఆవిడకు మిగలరు. కానీ పిన్నే కబురంపింది. "బొమ్మలాటంట కదే, రా! ఈసారి సౌండు పెట్టుకుందాం."

రిటైరైన పున్నయ్య బాబాయ్ తనే లేచి గొంతు పెంచాడు. తలుపులు మూసుకున్నాయి, బిడ్డ పుట్టింది, ఒంటెలు వచ్చాయి. నేను టీవీ వదిలేసి పిన్ని మొహమే చూస్తున్నాను. తల్లిబొమ్మ హిందీలో అడిగింది, మీరు మాకేమవుతారని. ఒంటె దిగిన గడ్డం బొమ్మ చెప్పింది. "ఏమీ కామమ్మా. బిడ్డ పుట్టాడని తెలిసి చూసిపోదామని వచ్చాం."

"ఏమీ కారా?" అంది పిన్ని.

"ఏమీ కారట" అన్నాడు బాబాయ్, మెల్లగా.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కొంగు నలుపుతూ చెప్పడం మొదలుపెట్టింది.

"దానయ్య పుట్టినప్పుడు వెనక వరసలో దులారీ అని, ఈ ఊరిదే, ఒకామె ఉండేదే. బారసాల ముందురోజు తన పిల్లడి ఉయ్యాల విప్పి, నెత్తినెట్టుకుని తెచ్చినాది. మనింట్లో తనే కట్టింది. పాట పాడింది. నానేటి సేసినానో తెలుసా?"

పిన్ని నా వైపు తిరిగింది.

"తెల్లారగట్లే విప్పించేసినాను. అన్నలు ఉయ్యాల తెస్తారు కదా, దూలానికి సోటుండాలని. అదొక్క మాటనలేదు. మళ్ళీ నెత్తినెట్టుకుని ఎల్లిపోనాది. రానోళ్ళ కోసం ఇన్నేళ్ళు ఏడిసినాను గానీ, ఒచ్చినదాన్ని ఒక్కపాలీ తలుసుకోనేదే."

"దులారీ అభన్‌పూర్‌లో కొడుకు దగ్గరుంది. మొన్నామధ్య బజార్లో కనబడింది. నీ కొడుకెలా ఉన్నాడని అడిగింది" అన్నాడు బాబాయ్.

టీవీలో పాటేదో వస్తోంది. పిన్ని అటు చూడనే లేదు.

"సుభద్రా, అభన్‌పూర్ బస్సు పొద్దున ఎన్నింటికే?" అంది.