డబ్బాలోనే ఉండిపోయిన వాటర్ పంపు

మొన్న జగిత్యాలలో నేను పనిచేసే లారీ సామాన్ల దుకాణానికి వచ్చిన డ్రైవరొకాయన పాడైన వాటర్ పంపును కౌంటరు మీద పెట్టి, "ఒరిజినల్ ఎయ్యాల్నా, లోకల్ ఎయ్యాల్నా తమ్మీ?" అన్నాడు. ఏ బండి, ఏ లోడు, ఎంత దూరం అని వరుసగా అడగడం నా అలవాటు. ఈసారి మాత్రం, "ఒరిజినల్ తెప్పియ్యాలంటే నాల్గు రోజులైతది. గన్ని రోజులు బండి ఆపుకుంటవా అన్నా?" అన్నదే మొదట అడిగాను. "ఆపుకుంటే తినుడెట్ల?" అని నవ్వి లోకల్ పంపు పట్టుకుపోయాడు. నాకు మా మేనమామ గుర్తొచ్చాడు.

కోరుట్లలో ఉండే మామకు పది టైర్ల లారీ ఒకటి ఉండేది. సిరిసిల్లలో ఒక సేటు దగ్గర బట్ట బేళ్లు ఎత్తడం దాని పని. కంపెనీ సామాను తప్ప ఇంకోటి దాన్ని తాకనిచ్చేవాడు కాదు. కొత్త పార్టు వస్తే డబ్బా మీది మెరిసే ముద్రను ఎండకు అటూ ఇటూ తిప్పి చూసి, పసుపు కుంకుమ పెట్టి, ఆ తర్వాతే బండి బాగుచేసే మిస్త్రి చేతికిచ్చేవాడు. ఖాళీ డబ్బాల్లో అత్త పోపు సామాను పోసుకునేది. "మా ఇంట్ల ఆవాలు గూడ కంపెనీయే అల్లుడా" అని నవ్వేది. మామ పట్టుదల ఊరికే రాలేదు. ఒకప్పుడు గంభీరావుపేట దిక్కున లోకల్ బ్రేకు సామాను పట్టక బండి పల్టీ కొడితే, ఆయన పక్కన కూర్చున్న తమ్ముడి కాలు శాశ్వతంగా వంకరపోయింది.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో ఆ లారీ వాటర్ పంపు కారడం మొదలైంది. బందులతో నా డిప్లొమా కాలేజీ మూతబడి నేను మామ ఇంట్లోనే ఉన్నాను. కొత్త పంపు హైదరాబాద్ నుంచి రావాలి. రోడ్ల మీదేమో బండ్లు ఆపి వంటావార్పు. మామ రోజూ ఆ పొయ్యిల దగ్గరికే పోయి, నడిరోడ్డు మీద అందరికీ అన్నం వడ్డించి, గొంతు పోయేదాకా జై కొట్టి, ఇంటికొచ్చి పార్సిలు రాలేదని తిట్టుకునేవాడు. "రోడ్డు ఆపేది నువ్వే, పార్సిల్ రాలేదని ఏడ్సేది నువ్వే" అనేది అత్త.

మిస్త్రి షెడ్డులో లోకల్ పంపు సిద్ధంగా ఉంది. "బ్రేకు ఏరు, పంపు ఏరు అన్నా. గిది ఖరాబైతే ఇంజన్ ఏడెక్కి బండి ఆగుతది, గంతే. పానం తియ్యది" అన్నాడు మిస్త్రి. నేనూ నా చదువు కొద్దీ పార్టులను రెండు వరుసలు చేసి చెప్పాను: చెడితే బండిని ఆపేవి, చెడితే మనిషిని చంపేవి. మామ శ్రద్ధగా విన్నాడు. "మా తమ్ముని కాలు ఏ వరుసల రాస్తవు అల్లుడా?" అన్నాడు. మిస్త్రి ఆ పంపును తీసి మళ్లీ షెడ్డు మూలన పెట్టేశాడు.

ఒక రోజు బందు సడలింది. పేరుకుపోయిన బేళ్లన్నీ తెల్లారేసరికి ఎత్తాలని సేటు ఫోను చేశాడు. "జరంత ఓపిక పట్టు సేటూ, ఒరిజినల్ తొవ్వల ఉన్నది" అన్నాడు మామ. సేటు తంగళ్ళపల్లి నుంచి ఇంకో లారీని పిలిపించుకున్నాడు. ఆ పని మళ్లీ మామకు రాలేదు. నిలబడిపోయిన బండిని సాకలేక మల్లాపూర్ ఆయనకు అమ్మేశాడు. కొన్నాయన అదే షెడ్డులో అదే లోకల్ పంపు బిగించుకుని తోలుకుపోయాడు. ఆ తర్వాత వచ్చింది పార్సిలు.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, మామ ఇంకొకరి బండి నడుపుతున్న కాలంలో, ఇద్దరం చాయ్ తాగుతుంటే ఆ లారీ మా ముందు నుంచే పోయింది. ఇంకా ఆ లోకల్ పంపుతోనే తిరుగుతోందని మిస్త్రి అప్పటికే మా ఇద్దరికీ చెప్పి ఉన్నాడు. మామ గ్లాసు దించి, బండి మలుపు తిరిగేదాకా చెవి అటే పెట్టాడు. "సప్పుడు మంచిగనే ఉన్నది" అన్నాడు. చాయ్ మాత్రం సగమే తాగాడు.

నిన్న కోరుట్ల పోయాను. మామ ఓనరు బండి మీద బయటికి పోయి ఉన్నాడు. అత్త అటక మీదున్న డబ్బాల్లో ఆవాలు పోయనిది ఆ పంపు డబ్బా ఒక్కటే. తెరిచి చూస్తే పంపు మీద పసుపు కుంకుమ ఎండిపోయి ఉంది. వేసే బండి లేకపోయినా మామ దానికీ బొట్టు పెట్టాడన్నమాట. ఇనుము కొత్తగానే మెరుస్తోంది. దాని రబ్బరు రింగును గోటితో నొక్కితే పెళుసుగా పగిలింది. ఒక్కరోజైనా నీళ్లు తగలకపోయినా, రబ్బరుకు వయసు మీదపడటం ఆగదు.